చిట్టీల నుంచి ఉపగ్రహం దాకా: ఒక తెలుగు ప్రసార సంస్థ విస్తరణ

1995 ఆగస్టు 27న ప్రసారాలు మొదలుపెట్టిన ఈటీవీ, అప్పటికి ముప్పై మూడేళ్లుగా సాగుతున్న ఒక వ్యాపార సముదాయంలో ఆలస్యంగా చేరిన సంస్థ. దానికి ముందే చిట్టీల కంపెనీ ఉంది, వ్యవసాయ మాసపత్రిక ఉంది, దినపత్రిక ఉంది, పచ్చళ్ల వ్యాపారం ఉంది, సినిమా నిర్మాణ సంస్థ ఉంది. అమెరికాలో ప్రసార సంస్థలు ముందు గాలిలో సంపాదించి, ఆ డబ్బుతో నేల మీద వ్యాపారాలు కొన్నాయి. తెలుగునాట ఆ వరుస తిరగబడింది. అందుకు కారణాలేమిటి, దానివల్ల కలిగిన బలమూ పరిమితీ ఏమిటి, అనంతపురం వంటి కరువు సీమకు అందులో దక్కిన చోటు ఎంత అన్నది ఈ స్మారకోపన్యాసానికి విషయం.

ఈ జిల్లా పల్లెల నుంచి దశాబ్దాల పాటు వార్తలు పంపి, వాటి కింద పేరైనా లేకుండానే కన్నుమూసిన గ్రామీణ విలేకరుల స్మృతిలో ఈ సభ ఏర్పాటైంది. వారి కుటుంబాలవారు, తోటి పాత్రికేయులు, ఆకాశవాణిలోనూ కేబుల్ రంగంలోనూ పనిచేసినవారు, పత్రికా రచన చదువుకుంటున్న విద్యార్థులు సభలో ఉన్నారు. ప్రసార సంస్థల చరిత్రను యజమానుల పేర్లతోనో ఉపగ్రహాల పేర్లతోనో చెప్పడం వాడుక. ఈ సభకు మరో కోణం తగినది. వార్త పంపే మనిషి, చందా వసూలు చేసే ఏజెంటు, చిన్న ప్రకటన ఇచ్చే ఊరి దుకాణదారు, వీరిని కలిపి నడిపే ఏర్పాటు ఎక్కడ గట్టిగా ఉందో అక్కడే ప్రసార సంస్థ నిలిచింది. ఆ ఏర్పాటు లేనిచోట సొంత ఉపగ్రహాలున్న సంస్థ కూడా కూలింది. ఈ రెండో రకం ఉదాహరణకు కూడా ఈ జిల్లాతో సంబంధం ఉండటం విశేషం.

ముందుగా అమెరికా సంగతి. 1919లో ఏర్పడిన రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, అంటే ఆర్‌సీఏ, కొద్ది కాలంలోనే రేడియో సెట్ల వ్యాపారంలో పెద్ద కంపెనీ అయింది. సెట్టు కొన్నవారికి వినడానికి ఏదో ఒకటి ఉండాలి గనుక 1926లో ఎన్‌బీసీ అనే ప్రసార సంస్థను నెలకొల్పింది. డేవిడ్ సార్నాఫ్ నాయకత్వంలో ఆ సంస్థ రెడ్, బ్లూ అనే రెండు నెట్‌వర్కులు నడిపింది. ఒకే సంస్థ చేతిలో రెండు నెట్‌వర్కులు ఉండరాదని అక్కడి ప్రసార నియంత్రణ కమిషన్ పట్టుబట్టింది. 1943లో సుప్రీంకోర్టు కమిషన్‌ను సమర్థించింది. అదే ఏడాది బ్లూ నెట్‌వర్కును ఎడ్వర్డ్ నోబుల్ 80 లక్షల డాలర్లకు కొన్నాడు. లైఫ్ సేవర్స్ అనే చప్పరించే బిళ్లల వ్యాపారంలో సంపాదించినవాడు ఆయన. తర్వాతి కాలపు ఏబీసీ అదే. మూడో సంస్థ సీబీఎస్‌ను 1928లో చేజిక్కించుకున్న విలియం పేలీది చుట్టల తయారీ కుటుంబం.

ఈ సంస్థల చేతికి వచ్చింది మామూలు లాభం కాదు. తరంగాలు పరిమితం, లైసెన్సులు పరిమితం, ప్రకటనకర్తలు మాత్రం అపారం. పైగా ఒక్కో సంస్థ సొంతంగా ఉంచుకోగల టీవీ స్టేషన్లు ఏడుకు మించరాదని 1950లలో నియమం వచ్చింది. వచ్చిన డబ్బును ప్రసారంలోనే తిరిగి పెట్టడానికి దారి మూసుకుపోతే అది పక్క వ్యాపారాల్లోకి పొంగింది. సీబీఎస్ 1938లోనే కొలంబియా రికార్డుల కంపెనీని సొంతం చేసుకుంది. 1964లో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టును, ఆ మరుసటేడు ఫెండర్ గిటార్ల కంపెనీని, 1972లో స్టైన్‌వే పియానోల కంపెనీని కొన్నది. ఆర్‌సీఏ ర్యాండమ్ హౌస్ ప్రచురణ సంస్థను, హెర్ట్జ్ అద్దె కార్ల కంపెనీని, చివరికి గడ్డకట్టించిన కోడిమాంసం అమ్మే కంపెనీని కూడా చేర్చుకుంది. వీటిలో చాలావాటిని తర్వాత అమ్ముకోవలసి వచ్చింది. కోడిమాంసానికీ వార్తలకూ ఉన్న సంబంధం ఏమిటో వాటాదారులకు ఎవరూ సరిగా వివరించలేకపోయారు. 1986లో ఆర్‌సీఏ జనరల్ ఎలక్ట్రిక్ చేతిలోకి పోయింది. 1995లో సీబీఎస్‌ను వెస్టింగ్‌హౌస్ కొనగా, ఏబీసీని కొంటున్నట్టు డిస్నీ ప్రకటించింది. ఈటీవీ పుట్టిన ఏడాదే అమెరికాలో పాత ప్రసార సంస్థలు ఇతరుల సొత్తయ్యాయి.

భారతదేశంలో ప్రసారం ఇలా ఎదగడానికి అవకాశమే లేకపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ 1924లో ఔత్సాహికుల ప్రయత్నంగా మొదలై, డబ్బు చాలక కొద్ది కాలానికే ఆగింది. 1927లో బొంబాయి కేంద్రంగా పుట్టిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1930లో దివాలా తీసింది. సెట్లు కొనగలవారు కొద్దిమంది, లైసెన్సు రుసుము కట్టేవారు ఇంకా కొద్దిమంది. ఆ తర్వాత ప్రసారం ప్రభుత్వ శాఖగా మారి, 1936లో ఆలిండియా రేడియో అనే పేరు పొందింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చిన గుత్తాధికారం స్వాతంత్ర్యం తర్వాతా కొనసాగింది. గాలిలోకి మాట పంపే హక్కు సర్కారుదే గనుక, మాటతో వ్యాపారం చేయదలచినవారికి కాగితం, వెండితెర తప్ప మరో దారి లేదు.

ఆ కాలంలో అనంతపురం మద్రాసు రాష్ట్రంలో దూరపు అంచు. మద్రాసు కేంద్రం 1938లో ప్రసారాలు మొదలుపెట్టింది. విజయవాడ కేంద్రం 1948లో వచ్చింది. పడమట మైసూరులో 1935లోనే ఎం.వి. గోపాలస్వామి ఆకాశవాణి పేరుతో ఒక కేంద్రాన్ని నడిపారు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం ఇంటి భాషగానో ఇరుగుపొరుగు భాషగానో ఉన్న పల్లెలకు ఎల్లకు అవతలి రేడియో పరాయిది కాదు. సీమలోని కడపలో ఆకాశవాణి 1963లో వెలసింది. అనంతపురానికి సొంత ఎఫ్‌ఎం కేంద్రం 1990ల తొలినాళ్లలో గానీ రాలేదు. హైదరాబాదులో దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైనా, జిల్లా పట్టణాలకు ఆ బొమ్మ చేరడానికి చిన్న ట్రాన్స్‌మిటర్ల కాలం దాకా ఆగవలసి వచ్చింది.

అచ్చులో మాత్రం ఈ సీమకు తనదైన గొంతు ముందే ఉంది. పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురం నుంచి శ్రీ సాధన పత్రికను ప్రారంభించి జాతీయోద్యమానికీ జిల్లా సమస్యలకూ వేదిక చేశారు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం పత్రికా సంపాదకుడిగా పేరు పొంది, పెన్నా తీరపు కరువు బతుకును కావ్యవస్తువు చేసి పెన్నేటి పాట రాశారు. అయితే ఒక వారపత్రిక జిల్లా మాట చెప్పగలదే కాని, రోజూ తెల్లవారేసరికి ప్రతి మండలానికీ చేరగల యంత్రాంగాన్ని నిలపలేదు. ఆ యంత్రాంగం బయటి నుంచి వచ్చింది.

కృష్ణా జిల్లా పెదపారుపూడి రైతు కుటుంబంలో 1936 నవంబరు 16న పుట్టిన చెరుకూరి రామోజీరావు, ఢిల్లీలో ఒక ప్రకటనల సంస్థలో కొంతకాలం పనిచేసి, 1962లో హైదరాబాదులో మార్గదర్శి చిట్‌ఫండ్ ప్రారంభించారు. ఈ ఆరంభాన్ని చరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు. నిజానికి తర్వాతి కథకు తాళపుచెవి ఇక్కడే ఉంది. చిట్టీలో సభ్యులందరూ నెలనెలా సమాన వాయిదా కడతారు. ప్రతినెలా పాట జరుగుతుంది. ఎక్కువ తగ్గించి పాడినవారు ఆ తగ్గింపు పోను ఆ నెల సొమ్మును తీసుకుంటారు. మిగిలినది అందరికీ పంపకమవుతుంది. నడిపే సంస్థకు దక్కేది చట్టం అనుమతించిన కమిషన్ మాత్రమే. సభ్యుల సొమ్ము వేరే పనికి వాడకూడదు. కనుక చిట్టీల సొమ్మే పత్రిక పెట్టుబడి అయిందనుకోవడం సరికాదు. చిట్టీ నేర్పినది క్రమశిక్షణ. వేలాది చిన్న మొత్తాలను గడువు తప్పకుండా వసూలు చేయడం, ఊరూరా ఏజెంట్లను నిలబెట్టడం, జీతగాడు, మాస్టారు, చిన్న వర్తకుడు ఎంత దాచగలడో, ఎప్పుడు దాచగలడో తెలుసుకోవడం దాని నిత్యకృత్యం. ఇవన్నీ పత్రిక చందాదారుల వ్యవస్థకు అక్షరాలా పనికొచ్చే విద్యలు.

1969లో వచ్చిన అన్నదాత మాసపత్రిక రెండో మెట్టు. ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు, మోటారు పంపులు అమ్మే కంపెనీలకు రైతును నేరుగా చేరే దారి అప్పట్లో తక్కువ. హరిత విప్లవం వేడిలో ఆ కంపెనీలకు ప్రకటనల అవసరం, రైతుకు సలహా అవసరం ఒకేసారి పుట్టాయి. రెండింటినీ ఒక కాగితం మీద కలిపితే పత్రిక నడుస్తుందని అన్నదాత నిరూపించింది. ఆ పత్రిక చూపు సహజంగానే నీటి వసతి ఉన్న నేలల వైపు ఎక్కువ మొగ్గింది. కొనుగోలు శక్తి అక్కడ ఉంది. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టలో, వేరుశనగ ఏడు లక్షల హెక్టార్లు దాటిన ఏళ్లలో కూడా, విత్తనం వేసే అదను కోసం మబ్బును చూసే రైతుకు కావలసిన సలహా వేరు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు వెలువడింది. అప్పటి పెద్ద పత్రికలు విజయవాడలోనో హైదరాబాదులోనో అచ్చయి విశాఖకు ఆలస్యంగా చేరేవి. పాఠకుడి ఊళ్లోనే అచ్చువేసి, తెల్లవారక ముందే గుమ్మంలో వేయడం ఈనాడు ఎంచుకున్న యుక్తి. 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ, తర్వాత తిరుపతి, ఇంకా అనంతపురంతో సహా ఇతర జిల్లా కేంద్రాలకు అచ్చు విస్తరించింది. వాడుక భాష, స్థానిక వార్త, ఏజెంటు మీద గట్టి పర్యవేక్షణ దాని లక్షణాలు. ఆంధ్రపత్రిక వంటి పాత పత్రికలు ఈ వేగాన్ని అందుకోలేకపోయాయి.

1989లో మొదలైన జిల్లా అనుబంధాలు ఈ నమూనాకు అసలైన పరిపూర్తి. ప్రధాన పత్రికలో ప్రకటన ఇవ్వడం ధర్మవరం పట్టుచీరల దుకాణానికో కదిరిలోని ట్యూషన్ కేంద్రానికో భారం. జిల్లాకే పరిమితమైన పేజీలలో అదే ప్రకటన చవక. దుకాణదారు ప్రకటన ఇస్తాడు. ఆ ప్రకటన పక్కన నిండడానికి మండల వార్త కావాలి. మండల వార్త కోసం మండలానికో కంట్రిబ్యూటరు కావాలి. జీతం లేకుండా, అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంటు మీద బతికిన ఆ మనుషుల వల్లే తెలుగు పల్లె మొదటిసారి రోజూ అచ్చులోకి ఎక్కింది. ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ 2000లో ప్రచురించిన భారతీయ పత్రికా విప్లవ గ్రంథంలో ఈనాడుకు పెద్దపీట వేయడానికి ఇదొక కారణం.

దీనికి ఒక మూల్యం ఉంది. జిల్లా వార్త జిల్లా పేజీల్లోనే ఉండిపోయింది. అనంతపురంలో బోరు ఎండిన రైతు కథ అనంతపురం పాఠకుడికి తెలుస్తుంది. గుంటూరు పాఠకుడి చేతికి గుంటూరు పేజీలే వస్తాయి. మునుపు ప్రధాన పత్రికలో ఏ మూలో వచ్చే కరువు వార్త రాష్ట్రమంతా తిరిగేది. ఇప్పుడు వార్తలు పెరిగాయి, వాటి తిరుగుడు తగ్గింది. కరువు ఒక జిల్లా స్థానిక విషయంగా కుదించుకుపోవడంలో ఈ అచ్చు పద్ధతికీ పాలు ఉంది. దీని మీద జరగవలసినంత చర్చ జరగలేదు.

రాజకీయాల్లో ఈ యంత్రాంగం శక్తి 1982-83లో తేటతెల్లమైంది. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం స్థాపించినప్పుడు ఈనాడు ఆయన పర్యటనలకు విస్తృత ప్రచారం ఇచ్చింది. తొమ్మిది నెలల్లో ఆ పార్టీ అధికారంలోకి వచ్చింది. తర్వాత రామారావు ఎంచుకున్న నియోజకవర్గం ఈ జిల్లాలోని హిందూపురమే. పత్రిక ఒక పక్షానికి దగ్గరైందన్న విమర్శ అప్పటి నుంచి ఆ సంస్థను వదలలేదు. 2006లో మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల సేకరణపై ఫిర్యాదులు, కేసులు వచ్చినప్పుడు, అది ఆర్థిక నియమాల ప్రశ్నా రాజకీయ కక్షా అన్న వాదన రెండువైపులా సాగింది. రెండేళ్లకే, 2008 మార్చిలో, సాక్షి దినపత్రిక ఒకేసారి 23 కేంద్రాల నుంచి వెలువడింది. మరుసటేడు దాని టీవీ చానల్ వచ్చింది. ప్రత్యర్థి సైతం అదే నమూనాను, ముందు జిల్లా అచ్చు, తర్వాత తెర అన్న వరుసను, అనుసరించడం గమనార్హం.

ఇతర శాఖలు ఈలోగా పెరిగాయి. 1980లో ప్రియా పచ్చళ్లు. విశాఖలో డాల్ఫిన్ హోటల్. సినిమాలకు సితార, కథలకు చతుర, విపుల పత్రికలు. 1983లో ఉషాకిరణ్ మూవీస్. శ్రీవారికి ప్రేమలేఖ, మయూరి వంటి చిత్రాలతో ఆ నిర్మాణ సంస్థ పేరు పొందింది. పచ్చళ్లకూ పత్రికకూ పొత్తు ఏమిటని ఆర్‌సీఏ కోడిమాంసం లాగే అడగవచ్చు. ఇక్కడ జవాబు ఉంది. ప్రకటన చోటు సొంతం, ఊరూరి పంపిణీ అనుభవం సొంతం, కొనేవారు మధ్యతరగతి తెలుగు గృహస్థులే. అమెరికా సంస్థలు మిగిలిన డబ్బుకు చోటు వెతుక్కుంటూ విస్తరించగా, ఈ సంస్థ ఒకే రకం ఇంటి గుమ్మానికి మళ్లీ మళ్లీ వెళ్లేందుకు విస్తరించింది. అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. న్యూస్‌టైమ్ అనే ఆంగ్ల దినపత్రిక నిలవలేదు. ఆ పాఠకుడు ఈ సంస్థకు తెలిసిన గుమ్మంలోని మనిషి కాడు.

హైదరాబాదు పొలిమేరలో 1996లో తెరుచుకున్న రామోజీ ఫిల్మ్ సిటీ అన్నిటికంటే సాహసోపేతం. 1,666 ఎకరాల వైశాల్యంతో ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. దాన్ని సినిమా కోసం కట్టారని లోకం అనుకుంది. దాని పూర్తి వినియోగం టెలివిజన్ చానళ్లు పెరిగాకే తెలిసింది.

1991 గల్ఫ్ యుద్ధం నాటి సీఎన్ఎన్ ప్రసారాలు, అదే ఏడు స్టార్ రాక, మిద్దెల మీద డిష్‌లు పెట్టి వీధికి తీగలు లాగిన కేబుల్ ఆపరేటర్లు, వీరంతా కలిసి ప్రభుత్వ గుత్తాధికారాన్ని చట్టం మారక ముందే ఆచరణలో ముగించారు. 1993లో తమిళంలో సన్, మలయాళంలో ఏషియానెట్ వచ్చాయి. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల వివాదంలో, తరంగాలు ప్రజల ఆస్తి అనీ వాటి మీద ప్రభుత్వ గుత్తాధికారం చెల్లదనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పులో ప్రత్యేకంగా విపులమైన అభిప్రాయం రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. వ్యాపారులకు ఆ తీర్పు గేటు తెరిచింది. జీవన్‌రెడ్డి మాత్రం ప్రైవేటు గుత్తాధికారం కూడా ప్రమాదమేనని, ప్రజల తరఫున స్వతంత్ర సంస్థ నియంత్రణ ఉండాలని హెచ్చరించారు. గేటు గుర్తుంది, హెచ్చరిక అంతగా గుర్తులేదు.

ఆ ఏడాదే జెమినీ, ఈటీవీ రెండూ వచ్చాయి. అప్పటికి దేశం నుంచి ఉపగ్రహానికి సిగ్నల్ పంపే హక్కు ప్రైవేటు సంస్థలకు లేదు. చానళ్లు విదేశాల్లోని భూకేంద్రాలను ఆశ్రయించేవి. ఆకాశంలో ఎవరికీ సొంతచోటు లేదు, అందరూ అద్దెకే ఉన్నారు. తేడా నేల మీద కనిపించింది. సినిమాల ప్రసార హక్కులు పోగుచేయడం కొందరి బలం. ఈటీవీకి వార్త పంపే జిల్లా యంత్రాంగం, సీరియళ్లు తీయడానికి స్టూడియో, ప్రచారానికి దినపత్రిక సిద్ధంగా ఉన్నాయి. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో మొదలైన పాడుతా తీయగా పట్టణాల గాయకులను తెరమీదికి తెచ్చింది. అన్నదాత పేరుతోనే ఉదయపు వ్యవసాయ కార్యక్రమం వచ్చింది. పత్రిక చదవలేని రైతుకు ఆ కార్యక్రమం కొత్త దారి. బిందుసేద్యం, పశుగ్రాసం, చీనీ తోటల తెగుళ్ల సంగతులు మెట్ట రైతు కూడా అక్కడ చూడగలిగాడు.

2000 నుంచి 2002 మధ్య జరిగిన విస్తరణ దేశ ప్రసార చరిత్రలోనే అరుదు. బెంగాలీ, మరాఠీ, కన్నడం, ఉర్దూ, గుజరాతీ, ఒరియా భాషల్లోనూ, ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లకు హిందీలోనూ చానళ్లు వచ్చాయి. 2003లో తెలుగు వార్తలకు ఈటీవీ2 చేరింది. ఇన్ని రాష్ట్రాల కార్యక్రమాలకూ ఫిల్మ్ సిటీయే కేంద్రం. పట్నా, జైపూర్, లక్నో వార్తలు హైదరాబాదు శివార్లలో తయారయ్యేవి. ఉత్తరాది నుంచి వచ్చిన యువ పాత్రికేయులు అక్కడే శిక్షణ పొంది, అక్కడే బులెటిన్లు చదివారు. ఒక్క ప్రాంగణం ఖర్చు పన్నెండు చానళ్లకు పంపకమైంది. తెలుగు జిల్లాల్లో పరీక్షించిన కంట్రిబ్యూటరు పద్ధతినే హిందీ జిల్లాలకు ఎగుమతి చేశారు. అనంతపురం, శ్రీకాకుళం వంటి చోట్ల లైన్ అకౌంటు మీద పనిచేసినవారి అనుభవం బలియాకో బాడ్మేర్‌కో నమూనా అయిందన్న సంగతి ఈ సభ గుర్తించదగినది.

ఇదే కాలంలో మరో ప్రసార సంస్థ దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచింది. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా 1990లో వాషింగ్టన్‌లో వరల్డ్‌స్పేస్‌ను స్థాపించాడు. పేద దేశాలకు ఉపగ్రహం నుంచి నేరుగా రేడియో అందించాలన్నది సంకల్పం. 1998లో ఆఫ్రీస్టార్, 2000లో ఏషియాస్టార్ అనే సొంత ఉపగ్రహాలను కక్ష్యలో నిలిపింది. బెంగళూరు దాని భారతీయ కేంద్రం. స్పందన అనే తెలుగు చానల్, కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గంధర్వ్ ఉండేవి. ప్రకటనల బెడద లేని ఆ సంగీతాన్ని విన్నవారు ఇప్పటికీ తలచుకుంటారు. 2001 నవంబరులో పుట్టపర్తి నుంచి మొదలైన రేడియో సాయి గ్లోబల్ హార్మనీ ప్రపంచానికి చేరింది ఆ ఉపగ్రహాల ద్వారానే. ఈ సీమ నుంచి ఖండాంతరాలకు వెళ్లిన మొదటి నిత్య ప్రసారం ఒక అమెరికా కంపెనీ మీద ఆధారపడింది.

వరల్డ్‌స్పేస్‌కు ఆకాశం సొంతం, నేల పరాయిది. ప్రత్యేకమైన రిసీవరు కొనాలి, యాంటెన్నాను ఆకాశం వైపు తిప్పి నిలపాలి, తర్వాత చందా కట్టాలి. రిసీవరు అమ్మి, బాగుచేసి, చందా వసూలు చేసే మనుషుల వ్యవస్థ పట్టణాలు దాటలేదు. ఏ పేదలకోసమని ఉపగ్రహాలు ఎగిరాయో వారి చేతికి ఆ పెట్టె రాలేదు. వేరే ఆదాయం లేని ఆ కంపెనీ 2008 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారం ఆగిపోయింది. రేడియో సాయి మాత్రం ఆగలేదు. భక్తుల వ్యవస్థ, ట్రస్టు పోషణ నేల మీద ఉన్నాయి గనుక, ఇంటర్నెట్‌కు మారి వేర్వేరు స్ట్రీములుగా కొనసాగింది.

నేల మీది వ్యవస్థ ఉన్నంత మాత్రాన అన్నీ నిలుస్తాయనీ కాదు. 2000ల చివరికి వినోద చానళ్ల ఖర్చు అమాంతం పెరిగింది. స్టార్, జీ, సన్ వంటి పెద్ద సంస్థలతో పది భాషల్లో పోటీపడటానికి జిల్లా వార్తల బలం చాలదు. మరాఠీ సీరియల్ చూసే ఇంటికి ఈనాడు చందాదారుతో సంబంధం లేదు. 2012 జనవరిలో నెట్‌వర్క్18 ఈటీవీ చానళ్ల కొనుగోలును ప్రకటించింది. దాని వెనుక రిలయన్స్ పెట్టుబడి ఉంది. 2014లో లావాదేవీ పూర్తయ్యేసరికి ఉర్దూ, హిందీ ప్రాంతీయ వార్తా చానళ్లు మొత్తంగా, ఇతర భాషల వినోద చానళ్లలో సగం వాటా, తెలుగు చానళ్లలో 24.5 శాతం చేతులు మారాయి. తర్వాత ఆ వినోద చానళ్లు కలర్స్ పేరుతో, వార్తా చానళ్లు న్యూస్18 పేరుతో మారిపోయాయి. తెలుగు మీద అదుపు మాత్రం పాత యాజమాన్యమే ఉంచుకుంది. ఏది అమ్మాలో ఏది అట్టిపెట్టుకోవాలో నిర్ణయించడంలో ఆ సంస్థకు తన బలం ఎక్కడుందో స్పష్టంగా తెలుసునని దీన్నిబట్టి చెప్పవచ్చు.

2015లో ప్లస్, సినిమా, లైఫ్, అభిరుచి అనే తెలుగు చానళ్లు చేరాయి. వంట, ఆరోగ్యం, భక్తి వంటి విషయాలను విడగొట్టి ఒక్కోదానికి చానల్ ఇవ్వడం, పత్రికలో అనుబంధాలు వేసిన పద్ధతికి తెరమీది రూపం. అదే ఏడాది దేశంలో టీవీ రేటింగుల లెక్కింపు బార్క్ అనే సంస్థ చేతికి వచ్చి, మొదటిసారి పల్లె ఇళ్లనూ చేర్చింది. అంతవరకు ప్రకటనకర్త దృష్టిలో మెట్ట పల్లెలోని ప్రేక్షకుడు లెక్కలోనే లేడు. కేబుల్ డిజిటల్‌గా మారి సెట్‌టాప్ పెట్టె వచ్చాక, 2019 నుంచి చానల్‌వారీ ధర కట్టే విధానం వచ్చాక, లెక్కలోకి వచ్చిన ఆ ప్రేక్షకుడే నెలవారీ రుసుము భారాన్నీ మోయవలసి వచ్చింది. సాగు కాలం తప్పి బెంగళూరుకు కూలికి వెళ్లిన కుటుంబం ఇంట్లో ఆ పెట్టె మూతబడే ఉంటుంది. వారి వార్తలు ఫోనులోకి మారాయి.

సంస్థ కూడా అటే కదిలింది. 2019 మార్చిలో ఈటీవీ భారత్ పదమూడు భాషల్లో మొబైల్ వార్తా సేవగా మొదలైంది. 2021లో పిల్లలకు బాలభారత్ చానళ్లు, తర్వాత ఈటీవీ విన్ అనే ఓటీటీ వేదిక వచ్చాయి. అమ్మివేసిన భాషల్లోకి ఉపగ్రహం అద్దె లేకుండా మళ్లీ ప్రవేశించడానికి ఈటీవీ భారత్ ఒక దారి. పద్ధతి మారలేదు: జిల్లాలో మనిషి, హైదరాబాదులో కేంద్రం. మారినది పని భారం. ఒకప్పుడు కంట్రిబ్యూటరు రాసిన వార్తను బస్సు కవరులో పంపితే సరిపోయేది. నేడు రాత, ఫొటో, వీడియో మూడూ అతని చేతి ఫోను నుంచే, సంఘటన జరిగిన నిమిషాల్లో వెళ్లాలి. లైన్ అకౌంటు నాటి అభద్రత మాత్రం రంగమంతటా చాలాచోట్ల అలాగే ఉంది.

రామోజీరావు 2024 జూన్ 8న మరణించారు. అప్పటికి అనంతపురం జిల్లా కూడా 2022 ఏప్రిల్‌లో రెండుగా చీలి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడింది. పత్రికల జిల్లా పేజీలు ఆ కొత్త ఎల్లల ప్రకారం మళ్లీ విడిపోయాయి. మడకశిర కరువు, కళ్యాణదుర్గం కరువు ఇప్పుడు వేర్వేరు పేజీల వార్తలు. ఆ రెండు పేజీలనూ కలిపి ఒకే సీమ కథగా రాష్ట్రం ముందు పెట్టే పని ప్రకటనల లెక్కతో నడిచే సంస్థకు లాభసాటి కాదు. ఆ బాధ్యత ఆకాశవాణి అనంతపురం వంటి ప్రజాప్రసార కేంద్రానిది, దాని సిబ్బందికీ నిధులకూ పూచీపడవలసిన ప్రభుత్వానిది.